అయిదు రూపాయల బిళ్ళకు లేత్ మీద షెల్ చేయించవచ్చా? కర్నూలు వైపు ఎవరైనా చేస్తారా?

హంద్రీ మాస్టారు, కర్నూలు

సభ్యులందరికీ నమస్కారం. కర్నూలు పక్కన ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆరేళ్ళుగా నాణేలతో కనికట్టు సాధన చేస్తున్నాను. శనివారం చివరి పీరియడ్‌లో పిల్లలకు రెండు మూడు అంశాలు చూపిస్తాను. వేదిక మీద కాదు. బల్ల చుట్టూ మూగిన ముప్పై మంది మధ్యలో, వాళ్ళ ఊపిరి నా చేతుల మీద తగిలేంత దగ్గరలో.

ఈ మధ్య అంతర్జాలంలో ఒక దుకాణం నుంచి అమెరికా అర డాలరు బిళ్ళతో చేసిన షెల్ తెప్పించాను. కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను: షెల్ అంటే నాణేనికి తొడిగే పలుచని మూత. పైనుంచి చూస్తే అసలు నాణెమే. అడుగు బోలుగా ఉంటుంది కాబట్టి అందులో మరో నాణెం ఇమిడిపోతుంది. చేతిలో ఒకటిగా కనిపించేది చూస్తుండగానే రెండవుతుంది.

వస్తువు చాలా బాగుంది, పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ తరగతిలో మాత్రం తేలిపోయింది. ఇది ఎవరి బొమ్మ సార్, ఏ దేశం సార్, మార్చుకుంటే ఎన్ని రూపాయలు వస్తాయి సార్ అని అడగడంతోనే అయిదు నిమిషాలు గడిచాయి. చివరికి ఒక బిళ్ళ రెండు బిళ్ళలైనప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎన్నడూ చూడని బిళ్ళ ఏం చేసినా వాళ్ళకు వింత కాదు. రోజూ చేతిలో ఆడే బిళ్ళ ఆ పని చేస్తేనే వింత.

అందుకే మన పాత మందపాటి అయిదు రూపాయల బిళ్ళకే షెల్ చేయించాలని ఉంది. కర్నూలులో గానీ నంద్యాలలో గానీ ఇంత సన్నని పని చేసే లేత్ షాపులు ఉన్నాయా? ఎంత మందం ఉంచమని చెప్పాలి?

లేత్ మేస్త్రి, నంద్యాల

మాస్టారూ, పని ఎలా ఉంటుందో ముందు చెబుతాను. చేయాలా వద్దా అన్నది తరువాత.

మీరు అంటున్న బిళ్ళ 1992 నుంచి వచ్చిన కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) బిళ్ళ. వ్యాసం 23 మిల్లీమీటర్లు, బరువు 9 గ్రాములు. మందం ఉంది కాబట్టి లోపల తొలవడానికి లోహం సరిపోతుంది. చిక్కు మరోచోట ఉంది. లోపల ఇమడవలసిన బిళ్ళ 23 ఉన్నప్పుడు షెల్ లోపలి కొలత 23 కన్నా ఒక వెంట్రుక ఎక్కువ ఉండాలి. కానీ షెల్‌గా మారవలసిన బిళ్ళ బయటి కొలతే 23. కాబట్టి రెండే దారులు. తొలిచిన బిళ్ళను ఎర్రగా కాల్చి చల్లార్చి, ఏటవాలు కడ్డీకి ఎక్కించి కొద్దికొద్దిగా సాగదీయాలి. లేకపోతే లోపలికి వెళ్ళే బిళ్ళల అంచులు చెక్కి చిన్నవి చేయాలి. మొదటి దారిలో పది బిళ్ళలకు ఏడు పగులుతాయనుకోండి. రెండో దారిలో అంచు మీది గీతలు పోతాయి, పక్కనుంచి చూసినవాడికి తేడా తెలిసిపోతుంది.

ఇంకొక మాట. బిళ్ళను చక్‌లో, అంటే లేత్‌లో వస్తువును పట్టి ఉంచే పట్టులో, నేరుగా బిగిస్తే అంచు మీద పంటిగాట్లు పడతాయి. మెత్తని ఇత్తడితో దవడలు చేసుకుని, వాటిని ఆ బిళ్ళ కొలతకే కోసుకోవాలి. నేను పంపు సెట్లకు బుష్షులు చేసేవాడిని. వందో వంతు తేడా లేకుండా బుష్షు ఇవ్వగలను. కానీ ముఖం మందం పావు మిల్లీమీటరుకు దిగాక టూలు ఒక్కసారి వణికిందంటే అశోక స్తంభం సింహాల మీద చిల్లు పడుతుంది.

ఆ సింహాలను చూసే నాకు అనుమానం వచ్చింది. ప్రభుత్వ ముద్ర ఉన్న బిళ్ళను కోయవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లకోటు, అనంతపురం

కోయకూడదు. మేస్త్రి గారి అనుమానం సరైనదే.

2011 నాటి నాణేల చట్టంలో 12వ సెక్షన్ చెల్లుబాటులో ఉన్న నాణేన్ని కరిగించడాన్నీ ధ్వంసం చేయడాన్నీ నిషేధిస్తుంది. రూపం చెడగొట్టిన నాణేన్ని దగ్గర ఉంచుకోవడం కూడా ఆ సెక్షన్ పరిధిలోకే వస్తుంది. 13వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళ వరకు జైలు, జరిమానా. అంటే మేస్త్రి గారికి కోసిన చిక్కు, మాస్టారికి జేబులో పెట్టుకున్న చిక్కు. పిల్లలకు చూపించడానికే కదా అన్నది మంచి ఉద్దేశమే గానీ, చట్టం మాట అలా లేదు. పైగా మీరు ప్రభుత్వ ఉపాధ్యాయులు.

మరి అమెరికాలో బహిరంగంగా ఎలా అమ్ముతున్నారని అడగవచ్చు. అక్కడి చట్టం మోసం చేసే ఉద్దేశంతో నాణేన్ని మార్చడాన్ని నేరమంటుంది. ఇంద్రజాలికుడు ఆ బిళ్ళను బజారులో చెలామణి చేయడు కాబట్టి అక్కడి తయారీదారులకు అడ్డు రాలేదు. వాళ్ళ వీలు మనకు వర్తించదు.

పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటులో లేవు. కానీ చివరి పావలా 19 మిల్లీమీటర్ల బిళ్ళ. దాన్ని అరచేతిలో దాచడం పెద్దవాళ్ళకు ఎంత కష్టమో మీకే తెలుసు. నా సలహా ఒక్కటే: నాణెం జోలికి వెళ్ళకండి, నాణెం కాని బిళ్ళ చేయించుకోండి.

పాత నాణేలు, కడప

మాస్టారికి నాదొక ప్రతిపాదన. షెల్ సంగతి కాసేపు పక్కన పెట్టి, అసలు బిళ్ళ గురించి ఆలోచించండి.

బ్రిటిషు కాలం నాటి వెండి రూపాయి వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. అమెరికా అర డాలరు 30.6. తేడా గోటితో గీస్తే తెలిసేది కాదు. గత వందేళ్ళలో పాశ్చాత్య ఇంద్రజాలికులు అర డాలరు మీద కట్టుకున్న పద్ధతులన్నీ, వేళ్ళ మధ్య దొర్లించడం, అరచేతిలో నిలపడం, అన్నీ మన తాతల రూపాయి మీద యథాతథంగా నడుస్తాయి. బరువు 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. ఈస్టిండియా కంపెనీ 1835లో వేసిన రాగి అర్ధణా కూడా దాదాపు వెండి రూపాయి అంతే ఉంటుంది. ఎడమ చేతిలో తెలుపు, కుడి చేతిలో ఎరుపు పెట్టుకుని స్థానాలు మార్చే అంశం ఉంది కదా, వాళ్ళు దానికి అర డాలరూ ఇంగ్లండు పాత పెన్నీ వాడతారు. మనకు వెండి రూపాయీ రాగి అర్ధణా ఉన్నాయి. పిల్లలకు అదొక చరిత్ర పాఠం కూడా.

కొనేటప్పుడు జాగ్రత్త. సంతల్లో నకిలీలు ఎక్కువ. తూకంలో 11.66 రావాలి (బాగా అరిగితే కొంచెం తగ్గుతుంది), అయస్కాంతానికి అంటకూడదు. 1940 నుంచి వచ్చినవాటిలో వెండి సగమే. మీ పనికి అవి చాలు, చవక కూడా. అంచులు అరిగిపోయిన బిళ్ళలనే ఎంచుకోండి. సేకరించేవాళ్ళకు అవి అక్కరలేదు, మీకు అవే మేలు. అరిగిన వెండి మెత్తగా జారుతుంది, ఒకదానికొకటి తగిలినా పెద్దగా మోగదు.

చేతులు జోడించి అడుగుతున్నాను, వాటిని మాత్రం లేత్ ఎక్కించకండి. చెల్లుబాటులో లేకపోయినా అవి మళ్ళీ పుట్టేవి కావు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు పాతబస్తీ

నాయనా మాస్టారూ, ముప్పై ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళలో, బడుల్లో, ఉర్సుల్లో చేసినవాడిని. మొదటి పదేళ్ళు వస్తువుల వెంట పరుగెత్తాను. ఒక పెట్టె నిండా ఉన్నాయి: మడత పడే బిళ్ళ, రెండు వైపులా బొమ్మే ఉన్న బిళ్ళ, సిగరెట్ దూరిపోయే బిళ్ళ, కొరికితే ముక్క ఊడి మళ్ళీ అతుక్కునే బిళ్ళ. ఇవాళ బయటికి వెళితే జేబులో పెట్టుకునేవి నాలుగు మామూలు రూపాయి బిళ్ళలూ ఒక షెల్. షెల్ కూడా పది ప్రదర్శనల్లో మూడింటికే బయటికి తీస్తాను.

ఎందుకంటే షెల్ ఉన్న బిళ్ళను చూసేవాళ్ళ చేతికి ఇవ్వలేం. దగ్గర నుంచి చూసే కనికట్టులో ప్రేక్షకుడి మొదటి కోరిక చేతిలోకి తీసుకుని చూడడం. ముఖ్యంగా పిల్లలు. ‘ఇటివ్వండి సార్’ అనగానే మన వేళ్ళు బిగుసుకుంటాయి. ఆ బిగింపును పిల్లలు పసిగట్టినంత తొందరగా పెద్దలు పసిగట్టరు.

మీరు ఆరేళ్ళుగా చేస్తున్నారన్నారు. అరచేతిలో నాణెం పట్టడం వచ్చా? వేళ్ళ మడతలో కాదు, అరచేతి మధ్యలో, బొటనవేలి కండకూ ఎదురు కండకూ నడుమ? అక్కడ బిళ్ళ ఉండగా నలుగురి ముందు సుద్దముక్కతో బోర్డు మీద రాయగలరా? గ్లాసు ఎత్తి నీళ్ళు తాగగలరా? నేను నేర్చుకున్న రోజుల్లో మా గురువు గారు బిళ్ళ అరచేతిలో పెట్టి, రాజ్‌విహార్ నుంచి బళ్ళారి చౌరస్తా దాకా నడిచి రమ్మనేవారు. దారిలో తెలిసినవాళ్ళు కనిపిస్తే నమస్కారం పెట్టాలి, చేయి కలపాలి. బిళ్ళ పడితే మళ్ళీ మొదటి నుంచి. మూడు నెలలు పట్టింది.

కర్నూలు ఎండల గురించి కూడా చెప్పాలి. మే నెలలో 42 డిగ్రీలు దాటినప్పుడు అరచేయి తడిసి బిళ్ళ జిగురులా అంటుకుంటుంది, వదలవలసిన చోట వదలదు. చాలామంది పౌడరు రాస్తారు. పౌడరు రాస్తే ఈసారి నిలవవలసిన చోట నిలవదు. పొడి గుడ్డతో తుడుచుకుని, చేయి ఆరిన పది క్షణాల తరువాత మొదలుపెట్టండి. చలికాలంలో దీనికి తలకిందులు. చేయి పొడిబారి బిళ్ళ జారిపోతుంది. అప్పుడు మెడ వెనక ఒకసారి వేలు రాసుకుంటే చాలు.

ఇక అన్నిటికన్నా పెద్ద సంగతి చూపు. కుడి చేతిలోని బిళ్ళను ఎడమ చేతిలో పెట్టినట్టు పెట్టి, కుడి చేతిలోనే ఉంచుకున్నారనుకోండి. మీ కళ్ళు ఎడమ చేతి వెంట వెళ్ళాలి. మీరే ఆ చేతిలో బిళ్ళ ఉందని నమ్మాలి. నమ్మితే దాని బరువుకు మీ మణికట్టు కొంచెం కిందికి వంగుతుంది. అది నటన కాదు, అసలుగా పెట్టినప్పుడు చేయి ఎలా ఉంటుందో వంద సార్లు గమనించాక వచ్చే అలవాటు. ఒక అసలు, ఒక మాయ, ఒక అసలు, ఒక మాయ. అద్దం ముందు ఇలా మార్చి మార్చి చేయండి. రెండింటికీ తేడా మీకే కనిపించని రోజున పిల్లల ముందుకు వెళ్ళండి.

టవర్ క్లాక్, అనంతపురం

పెద్దాయన గారికి నమస్కారాలు. మీరు చెప్పింది ప్రతి అక్షరం నిజం. కానీ ఒక మాట చేర్చాలి. నా అరచేయి చిన్నది. వెండి రూపాయి అరచేతి మధ్యలో పెడితే అంచు వేళ్ళ సందుల్లోంచి మెరుస్తుంది. రెండేళ్ళు ప్రయత్నించి ఏడ్చాను కూడా. ఈ విద్య మీది పుస్తకాలన్నీ పెద్ద చేతుల మగవాళ్ళు రాసుకున్నవే. ఆడపిల్లలు నేర్చుకోవాలంటే బిళ్ళ కొలత నుంచే మొదలుపెట్టాలి.

నాకు కుదిరింది 23 మిల్లీమీటర్ల అయిదు రూపాయల బిళ్ళే. దాని గురించి మాస్టారికి ఒక విషయం చెప్పాలి. అందులో షెల్ అవసరం లేని సంపద ఉంది. ఇదే 23 కొలతలో మన దగ్గర మూడు రకాల బిళ్ళలు ఉన్నాయి. 1992 నుంచి వచ్చిన మందపాటి కుప్రోనికెల్‌ది. 2007లో వచ్చిన ఉక్కుది, 6 గ్రాములు, తెల్లగా ఉంటుంది. ఆ తరువాత వచ్చిన నికెల్ ఇత్తడిది, అదీ 6 గ్రాములే, పచ్చగా ఉంటుంది. తెలుపు పసుపుగా మారే అంశానికి ఒక్క గీత కూడా గీయని జంట మన జేబులోనే ఉంది.

ఇంకా ఉంది. ఆ ఉక్కు బిళ్ళ అయస్కాంతానికి అంటుతుంది. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి బిళ్ళ కూడా అంతే. అది ఫెర్రిటిక్ ఉక్కు, మాస్టారు నాకన్నా బాగా వివరించగలరు. విదేశీ తయారీదారులు వాళ్ళ బిళ్ళను చీల్చి మధ్యలో ఇనుప రేకు పెట్టి అమ్ముతారు, ఎందుకంటే వాళ్ళ నాణేలు అయస్కాంతానికి అంటవు. మనకు టంకశాలే ఆ పని చేసి ఇచ్చింది. వేలికి అయస్కాంతపు ఉంగరం పెట్టుకుంటే బిళ్ళ అరచేతి వెనక కూడా నిలుస్తుంది. ఉంగరం వెండి పూతతో మామూలుగా కనిపించేది తీసుకోండి. పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్ళ దగ్గర మాత్రం వాడకండి.

పాత నాణేలు, కడప

అమ్మా, చాలా మంచి విషయం చెప్పారు. ఇదే కోవలో ఇంకొకటి: 1950, 60ల నాటి నికెల్ రూపాయి, 1975లో వచ్చిన కుప్రోనికెల్ రూపాయి, రెండూ 28 మిల్లీమీటర్లే. మొదటిది అయస్కాంతానికి అంటుతుంది, రెండోది అంటదు. చూడడానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి.

నాలుగైదు బిళ్ళలతో చేసేటప్పుడు అన్నీ ఒకే టంకశాలవి, ఒకే సంవత్సరానివి ఉండేలా ఏరుకోండి. ఏడాది కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. పిల్లల కళ్ళు చాలా పదునైనవి. ఇందాక నక్షత్రం ఉంది, ఇప్పుడు లేదు అని ఒక్కడు అన్నా అంతా పోయినట్టే.

ప్రొద్దుటూరు దాగలి

అయ్యా, మాది నగల పని. ఇంద్రజాలం తెలియదు. మా తమ్ముడు ఈ చర్చ చూపించాడు.

తులం అన్న మాట చూసి రాస్తున్నాను. మా తాత త్రాసులో రూపాయి బిళ్ళే తూకపు రాయి. ఆ 11.66 గ్రాములే తులం. ఇప్పుడు అందరం పది గ్రాములను తులమంటున్నాం గానీ పాత లెక్క అది.

నాణెం కాని బిళ్ళ చేయమన్నారు కదా నల్లకోటు గారు. 30.5 వ్యాసం, 1.8 మందంతో ఇత్తడి బిళ్ళ కోస్తే 11.2 గ్రాములు వస్తుంది. రాగిలో అయితే 11.8. రెండూ వెండి రూపాయి తూకానికి దగ్గరే. మీద ఏ బొమ్మ కావాలో చెబితే అచ్చు తీస్తాం. ప్రభుత్వ ముద్రకు పోలిక ఉండకూడదు. సూర్యుడో, చేపో, తామర పువ్వో పెట్టుకోండి. అంకె కూడా వేయవద్దు. అంకె వేస్తే అది డబ్బులా కనిపిస్తుంది.

ఇక షెల్. బిళ్ళ మనమే పుట్టిస్తున్నాం కాబట్టి మేస్త్రి గారు చెప్పిన సాగదీత బాధ లేదు. దాన్ని మొదటి నుంచే పెద్ద కొలతలో చేస్తే సరి. బయట 31.2, గోడ 0.3, లోపల 30.6. బిళ్ళ 30.5 కాబట్టి హాయిగా జారుతుంది. ముఖం మందం 0.3, లోతు 1.5. లోపలి బిళ్ళ అడుగున 0.3 మాత్రమే బయటికి ఉంటుంది, నేల మీద పెడితే ఒకటే బిళ్ళ అనిపిస్తుంది. గోడకు టంకం వేయకూడదు, అతుకు దగ్గర రంగు మారుతుంది. ఒకే దిమ్మ నుంచి తీయాలి. ఆ భాగానికి లేత్ కావాలి. ముఖం మీద అచ్చు కొట్టడం మాది, లోపల తొలవడం మేస్త్రి గారిది. ఇద్దరం కలిస్తే అవుతుంది.

లేత్ మేస్త్రి, నంద్యాల

అవుతుంది. ఇత్తడి నాకు అలవాటైన లోహం. ముందు మీరు అచ్చు కొట్టి పంపండి. నేను ముఖానికి తేనెమైనం పట్టించి చెక్క దిమ్మకు అంటించి లోపల తొలుస్తాను. అప్పుడు చక్ పళ్ళు బిళ్ళకు తగలవు. మొదటిది పాడైతే పాడవనివ్వండి, రెండు అదనంగా కొట్టండి.

మాస్టారూ, ఇంకో ఆలోచన. మూత ఎటు పెట్టినా పట్టే చిన్న డబ్బా ఒకటి ఉంటుందని ఎక్కడో చదివాను. అది కూడా చేయగలను.

కొండారెడ్డి బురుజు, కర్నూలు పాతబస్తీ

అది ఒకిటో డబ్బా. డచ్ దేశపు ఇంద్రజాలికుడు థియో బాంబర్గ్ ఒకిటో అన్న పేరుతో ప్రదర్శనలిచ్చేవాడు, ఆయన పేరే దానికి వచ్చింది. మందుల డబ్బా లాంటిది. మన దగ్గర దానికి అంతకన్నా అందమైన వేషం ఉంది: కుంకుమ భరిణె. ఇత్తడి భరిణెను ఎవరూ అనుమానించరు, ప్రతి ఇంట్లో దేవుడి గూట్లో ఉండేదే. 31 మిల్లీమీటర్ల బిళ్ళలు నాలుగు పట్టేలా, మూత పైకీ అడుగుకూ ఒకేలా సరిపోయేలా తీయండి. నాకూ ఒకటి కావాలి. డబ్బు ముందే ఇస్తాను.

పనివాళ్ళు కలిస్తేనే ఈ విద్య బతుకుతుంది. ఆధునిక ఇంద్రజాలానికి తండ్రి అని పేరు పొందిన ఫ్రాన్సు దేశపు రాబర్ట్ హుడిన్ స్వయంగా గడియారాలు చేసేవాడు. చేతిలో పని ఉన్నవాడు కాబట్టే వస్తువులు అంత నిక్కచ్చిగా చేసుకోగలిగాడు.

జిజ్ఞాస, కడప

ఒక అభ్యంతరం. మేము ఊళ్ళలో మూఢనమ్మకాల మీద ప్రదర్శనలు ఇస్తాం. గాలిలోంచి విభూతి తీయడం, నాలుకకు శూలం గుచ్చుకోవడం చూపించి, వెంటనే ఎలా చేశామో విప్పి చెబుతాం. మాస్టారు భౌతికశాస్త్రం చెప్పేవారు. ఆయన రహస్యం దాచి పిల్లలను ఆశ్చర్యంలో వదిలేయడం న్యాయమా? ఇక్కడ మాత్రం షెల్ కొలతలు వందో వంతు దాకా రాసుకుంటున్నాం. పిల్లలకు చెప్పనిది మనం ఎలా చర్చిస్తున్నాం?

కొండారెడ్డి బురుజు, కర్నూలు పాతబస్తీ

మంచి ప్రశ్న, కోపం లేకుండా జవాబు చెబుతాను. విభూతి తీసేవాడు నాకు శక్తి ఉందంటాడు. అది అబద్ధం, విప్పి చెప్పవలసిందే. మీరు చేస్తున్న పనికి నా దండం. నేను మాత్రం నాకు శక్తి ఉందని ఎన్నడూ అనలేదు. ఇది చేతి సాధన అని మొదటి మాటలోనే చెబుతాను. చెప్పాక కూడా నోరు తెరుచుకు చూశారంటే అది వాళ్ళకు దక్కిన ఆనందం. దాన్ని లాక్కోవడం నాకు ఇష్టం లేదు.

షెల్ సూత్రం వందేళ్ళకు పైగా పుస్తకాల్లో ఉన్నదే, ఇక్కడ మాట్లాడుకుంటే తప్పు లేదు. బతికున్న ఇంద్రజాలికుడు సొంతంగా కట్టుకుని అమ్ముకుంటున్న అంశాన్ని మాత్రం ఎవరూ విప్పి రాయవద్దు. అది అతని కూడు.

పాత నాణేలు, కడప

ఈ వాదన మన నేలకు కొత్త కాదు. విజయనగర కాలపు శాసనాల్లో విప్రవినోదులు అనే ఇంద్రజాలికుల ప్రస్తావన ఉంది. తమకు ఊళ్ళ నుంచి రావలసిన సంభావనను గుళ్ళకు సమర్పించిన దాఖలాలు కనిపిస్తాయి. విద్య చూపినందుకు ఊరు మర్యాద చేసిందన్నమాట. శక్తి అని కాకుండా వినోదం అని పేరులోనే పెట్టుకున్నారు చూడండి.

జిజ్ఞాస, కడప

ఆ పేరు సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటాను. అయినా మాస్టారికి ఒక విన్నపం. అన్నీ దాచకండి, ఒక్కటి విప్పండి. చూపు ఎటు వెళితే మనసు అటు వెళుతుందన్న సంగతి పిల్లలకు తెలిస్తే, రేపు బస్టాండులో మూడు ముక్కల ఆటలో డబ్బు పోగొట్టుకోరు.

హంద్రీ మాస్టారు, కర్నూలు

రెండు నెలల తరువాత రాస్తున్నాను, మన్నించాలి. పరీక్షలు అడ్డొచ్చాయి.

ముందు అప్పులు తీర్చుకుంటాను. ప్రొద్దుటూరు నుంచి ఆరు ఇత్తడి బిళ్ళలు వచ్చాయి, ఒకవైపు చేప, ఇంకోవైపు తామర. బొమ్మా బొరుసూ రెండూ చూడముచ్చటగా ఉన్నాయి. మేస్త్రి గారు ఒకటి తొలుస్తుండగా చేప కన్ను దగ్గర చిల్లు పడిందట, రెండోది నిలిచింది. వెర్నియర్ పెట్టి కొలిచాను, గోడ అంతటా 0.3 ఉంది. బిళ్ళ లోపలికి జారినప్పుడు గాలి మెల్లగా బయటికి పోతున్న స్పర్శ వేలికి తెలుస్తుంది. అంత నిండుగా కూర్చుంది.

పెద్దాయన గారి మాట విని నెల రోజులు షెల్‌ను ముట్టుకోలేదు. ఉదయం నడకలో అరచేతిలో బిళ్ళ పెట్టుకుని తుంగభద్ర ఒడ్డు దాకా వెళ్ళేవాడిని. మొదటి వారంలో రోజుకు పదిసార్లు పడింది. ఇప్పుడు సుద్దముక్కతో రాయగలుగుతున్నాను, అక్షరాలు కొంచెం వంకరగా వస్తాయి. బల్ల మీద పరచడానికి మా ఊరి గొంగడి ముక్క ఒకటి కోసుకున్నాను. ఇంతకు ముందు వెల్వెట్ గుడ్డ వాడేవాడిని, బిళ్ళ అంచు వేలికి అందేది కాదు. గొంగడి మీద బిళ్ళ కొంచెం దిగుతుంది, అంచు నొక్కితే ఎదురు అంచు లేస్తుంది. చప్పుడు కూడా మింగేస్తుంది.

పోయిన శనివారం చేశాను. మొదట అనంతపురం అమ్మాయి గారు చెప్పిన తెలుపు పసుపు అయిదు రూపాయల జంట. రెండు బిళ్ళలూ ముందే పిల్లల చేతికిచ్చాను. చూసుకోండి, కొరికి చూసుకోండి అన్నాను. ఆ ధైర్యం నాకు ఇంతకు ముందు లేదు. పిడికిలి విప్పగానే వెనక బెంచీ మీద నిలబడ్డవాడు కిందపడబోయాడు. తరువాత అయస్కాంతం తెచ్చి, ఒకటి అంటుతుంది, ఒకటి అంటదు, ఎందుకో సోమవారానికి తెలుసుకుని రండి అని పంపాను. జిజ్ఞాస గారి మాట కూడా నిలబెట్టాను. ఒక మాయం చేసే పద్ధతిని విప్పి చూపించి, మీ కళ్ళు నా కళ్ళ వెంట వెళ్ళాయి, అందుకే తప్పిపోయారు అని చెప్పాను. ఆ తరువాత అదే పద్ధతితో మళ్ళీ చేస్తే మళ్ళీ తప్పిపోయారు. వాళ్ళకన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

చివర్లో ఇత్తడి బిళ్ళలు. మూడు నాలుగయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి మాత్రం కొట్టలేదు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది: ‘సార్, నాలుగు బిళ్ళల్లో ఒకదాని మోత వేరుగా ఉంది.’

నేను కాదనలేదు, అవుననలేదు. ఇంటికి వచ్చి కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ బల్ల మీద వేసి విన్నాను. ఆ అమ్మాయి చెప్పింది నిజం. మూడు బిళ్ళలు గణగణమంటున్నాయి, షెల్ బొంగురుగా పలుకుతోంది. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

టవర్ క్లాక్, అనంతపురం

మాస్టారూ, ఆ అమ్మాయికి నాలుగు అయిదు రూపాయల బిళ్ళలు ఇచ్చి ఫ్రెంచ్ డ్రాప్ (ఒక చేతిలోని బిళ్ళను రెండో చేత్తో తీసుకున్నట్టు చూపి, మొదటి చేతిలోనే ఉంచుకోవడం) నేర్పండి. అంత చెవి ఉన్నవాళ్ళకు చేయి కూడా వస్తుంది. చిన్న చేతులకు ఏ పట్టు కుదురుతుందో నేను రాసి పంపుతాను.

కొండారెడ్డి బురుజు, కర్నూలు పాతబస్తీ

షెల్‌ను ఎప్పుడూ బల్ల మీద వేయవద్దు, పెట్టండి. ముందు ఒక మామూలు బిళ్ళను మోగించి వేయండి, చెవులకు ఆ మోత నిండుతుంది. మిగతావి చేతిలోంచి చేతిలోకి పోయేలా చేసి, షెల్‌ను చివరగా గొంగడి మీద వేలితో ఆనించి వదలండి. బిళ్ళలను ఒకదాని మీద ఒకటి రుద్దవద్దు. వెండి బిళ్ళలతో చేసేటప్పుడు నాకూ ఇదే చిక్కు వచ్చింది, మూడేళ్ళు ఎవరూ చెప్పలేదు. మీకు మొదటి శనివారమే చెప్పే మనిషి దొరికింది.

ప్రొద్దుటూరు దాగలి

అచ్చు కొట్టినప్పుడు ఇత్తడి గట్టిపడుతుంది. తొలిచిన తరువాత ఒకసారి కాల్చి చల్లార్చారా? కాలిస్తే మెత్తబడి మోత తగ్గుతుంది. కాల్చకుండా ఉంటే కొంచెం మోగవచ్చు. మేస్త్రి గారూ, మీరేం చేశారు?

లేత్ మేస్త్రి, నంద్యాల

కాల్చాను. పగులుతుందేమోనని భయపడి తొలిచే ముందే కాల్చాను. ఇంకో రెండు బిళ్ళలు కొట్టి పంపండి, ఈసారి కాల్చకుండా, టూలు సన్నగా నూరుకుని మెల్లగా తొలుస్తాను. ముఖం 0.4 ఉంచి చూస్తాను.

మాస్టారూ, వచ్చే మంగళవారం షాపుకు సెలవు. మీ బిళ్ళలన్నీ తీసుకుని ఉదయం బస్సుకు రండి. వీలైతే ఆ అమ్మాయినీ వాళ్ళ నాన్ననూ వెంట తీసుకురండి. కొత్త షెల్‌ను ఆమె చేతనే మోగించి వింటాం.